నిషేధము – దాని భారము

బిట్రగుంట స్టేషనులో దిగి తూర్పునకు సాగినచో బోగోలు మండలపు తీరగ్రామములు వచ్చును. జువ్వలదిన్నె వంటి యీ పల్లెల బ్రతుకు సముద్రము మీద ఆధారపడినది. ఇట్టి తీరమునకు అణువిద్యుత్తు ప్రస్తావన ఎట్లు వచ్చినదో తెలియుటకు ముందుగా బెంగాలు వైపు చూడవలెను.

పశ్చిమ బెంగాలులోని హరిపూరు వద్ద రష్యా సాయముతో అణువిద్యుత్ కర్మాగారమును నెలకొల్పవలెనని భారత ప్రభుత్వము తలచినది. అచ్చటి జాలరులును రైతులును ప్రతిఘటించిరి. 2011 మార్చిలో జపానునందలి ఫుకుషిమా ప్రమాదము లోకమును కలచివైచినది. ఆ యేడు ఆగస్టులో బెంగాలు ప్రభుత్వము హరిపూరులో కర్మాగారము వలదని ప్రకటించినది. రాజ్యాంగము ననుసరించి అణుశక్తి ఢిల్లీ ప్రభుత్వపు అధికారములోనిది. అయినను రాష్ట్రము తోడ్పడనిదే భూమి లభింపదు. కావున ఆ మాటయే నిషేధమైనది. పిమ్మట హరిపూరునకు మారుగా, బోగోలుకు పొరుగుననున్న కావలి పేరు వినవచ్చెను. గుజరాతులోని మీఠీవిర్దీ ప్రజలు వలదన్న ఆరు అమెరికా రియాక్టర్లను సయితము 2016లో శ్రీకాకుళపు తీరమున కొవ్వాడకు మరలించిరి.

బెంగాలు ప్రభుత్వము తప్పు చేసినదని మేమనము. ప్రజల భయమును మన్నించుట పాలకుల ధర్మమే. కాని ఆ నిషేధము ముప్పును తొలగించినదా, లేక తావు మార్చినదా? ఈ ప్రశ్నను విడిచి నీతిని విచారింపజాలము.

అణువును కాదన్నంత మాత్రమున భారము తీరిపోదు. దీపము వలదనువారెవ్వరును లేరు. ఈ నెల్లూరు తీరముననే కృష్ణపట్నము చెంత 800 మెగావాట్ల యూనిట్లు బొగ్గును మండించుచున్నవి. అచ్చటి పొగయు బూడిదయు ఎవరి పాలగునో పరిసర గ్రామముల వారెరుగుదురు.

ఆస్ట్రియా దేశపు ఉదాహరణము ఇచ్చట స్మరణీయము. జ్వెంటెన్‌డార్ఫ్ అను చోట కట్టి ముగించిన అణుకర్మాగారమును నడుపవలెనా వలదా యని 1978 నవంబరులో ప్రజలనే అడిగిరి. స్వల్పాధిక్యముతో వారు వలదనిరి. అది నాటినుండి నేటివరకు నడువలేదు. కట్టుబడికైన వ్యయమును ఆ దేశమే భరించినది. నిర్ణయించినవారును, నష్టమును మోసినవారును ఒక్కరే.

నిషేధమునకు ధర్మబలము అచ్చట నున్నది. వలదనువాడు దాని వెలను తానే చెల్లింపవలెను. పొరుగువాని వాకిట దింపిపోరాదు. అనుమతికిని ఇదియే నియమము. కర్మాగారము వచ్చినను, రాకపోయినను, హరిపూరు జాలరి మాటకు దొరకిన మన్నన జువ్వలదిన్నె జాలరి మాటకును దొరకవలెను.