ఏడు రోజుల గరిటె

"వొస్తా ఉండారు సామీ, వరసలో నిలబడండి!"

హాలు చూసుకునే పెద్దాయన కేక విన్నాక మీ చేతిలోని చక్కెర పొంగలి బకెట్ ఇంకాస్త బరువెక్కుతుంది. తలుపులు తెరుచుకున్నాయి. బల్లల మధ్య సందుల్లోకి జనం వచ్చేస్తున్నారు. అలిపిరి నుంచి మెట్లెక్కి వచ్చిన కాళ్లు, గుండుకు గంధం పూసుకున్న పిల్లలు, నిద్రపోతున్న బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటున్న తండ్రులు, పుష్కరిణిలో మునిగి తడి జుట్టుతోనే వచ్చిన ఆడవాళ్లు. ఎవరో "గోవిందా" అంటారు. హాలంతా అందుకుంటుంది. మీరూ అంటారు.

ఇది తిరుమలలో మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం. హాలుకు వెయ్యి మంది చొప్పున నాలుగు హాళ్లు, ఒక్క బంతికి నాలుగు వేల ఆకులు. ఈ బంతి మజ్జిగ దాకా రాకముందే తరువాతి బంతి బయట నిండిపోయి ఉంటుంది. అందుకే పెద్దాయన కేకలో కోపం లేకపోయినా తొందర ఉంటుంది.

మీకు ఈ పని కొత్త. మీ పక్కవాళ్లకూ కొత్తే. కూర బకెట్ పట్టుకున్న కుర్రాడు హుబ్బళ్లిలో డిగ్రీ చదువుతున్నాడు. అన్నం ట్రాలీ తోస్తున్నాయన సోలాపూర్‌లో బట్టల కొట్టు మూసి వచ్చాడు. నారింజ రంగు చీర కట్టుకుని నీళ్లు పోస్తున్న అక్కది సేలం. నలుగురికీ కలిసే భాష ఒక్కటీ లేదు. వారం కిందట ఈ గరిటెలు పట్టుకున్నవాళ్లు ఇప్పుడు వాళ్ల ఊళ్లలో ఉన్నారు. వచ్చే వారం మీరూ ఉండరు.

ఇలా మారిపోయే కొత్త చేతులతో నడిచే పని మరోచోటా ఉంది. అమెరికాలో సరస్సుల ఒడ్డున ఉండే వేసవి రిసార్టుల్లో హోటళ్లు నడిపేవాళ్లు జే-1 వీసా మీద వచ్చే విదేశీ విద్యార్థులను పనిలో పెట్టుకుంటారు. వాళ్లు ఉండేది మహా అయితే నాలుగు నెలలు. మొదటి నెల నేర్పడానికే పోతే మిగిలేది మూడే. మరి ఇక్కడ మీలాంటి స్వచ్ఛంద సేవకులు ఉండేది సాధారణంగా ఏడు రోజులు. జీతం లేదు, టిప్పు లేదు, పని తెలుసా అని అడిగేవాళ్లూ లేరు. అయినా ఆకు ముందు కూర్చున్న మనిషికి అన్నం వేడిగా అందుతోంది. ఎలా అన్నది కళ్లతో చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు.

పెద్దాయన నేర్పేది పది నిమిషాలు. తిరుపతి మనిషి కాబట్టి తమిళం ధారాళంగా వచ్చు, కన్నడం సగం వచ్చు, హిందీకి చేతులు సాయం వస్తాయి. "బకెట్ ఒంటికి ఆనించి పట్టుకోండి సామీ, జారదు. గరిటె ఆకుకు తగలగూడదు. ముసలోళ్ల కాడ కొంచెం నిలబడండి. బిడ్డలకు తక్కువెయ్యండి, అడిగితే మళ్లా ఎయ్యండి." అంతే. తరువాత మిమ్మల్ని వరస మొదట్లోకి తోసేస్తాడు.

పొంగలి వేస్తూ కదులుతారు. మీ వెనక పచ్చడి, కూర. ఆ వెనక వడ. 2025 మార్చిలో మొదలైంది ఈ వడ. శనగపప్పుతో, ఉల్లి వెల్లుల్లి లేకుండా చేస్తారు. ఆకులో వడ పడగానే పిల్లల మొహాలు మారడం మీరు గమనిస్తారు. ఆ తరువాత అన్నం, సాంబారు, రసం. పదో ఆకు దాకా చెయ్యి వణుకుతుంది. ముప్పయ్యో ఆకు దగ్గర మణికట్టుకు లెక్క తెలిసిపోతుంది, ఎంత తోడాలో మీరు ఆలోచించరు. ఎవరైనా ఆకు మీద అరచెయ్యి అడ్డం పెడితే ఆగుతారు, కళ్లెత్తి చూస్తే ఇంకోసారి వేస్తారు. ఏ రాష్ట్రం వాళ్లయినా ఆ చెయ్యీ ఆ చూపూ ఒక్కటే. మీరు మొహాలు చూడడం మానేసి ఆకులు మాత్రమే చూస్తూ పోతే పెద్దాయన వెనక నుంచి భుజం తడతాడు. "మొగం చూడండి సామీ. ఆకులు తినవు కదా, మనుషులు కదా తినేది."

నడిచే తీరు చూస్తుంటే పనిని ఎక్కడ విడగొట్టారో కనిపిస్తుంది. కొత్త చేతికి ఇచ్చింది పదినిమిషాల్లో వచ్చే పని. ఉప్పు, పులుపు, ఉడుకు మాత్రం వంటశాలలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల చేతిలోనే ఉంటాయి. అక్కడికి తొంగి చూడండి. ఆవిరి గొట్టాలు, మనిషి ఎత్తు పాత్రలు, ఒంటికి అంటుకుపోయిన బనీన్లు. రోజుకు టన్నుల లెక్కన బియ్యం ఉడుకుతుంది. ఆవిరితో వండడం కొండకు కొత్త కాదు. 2002లోనే ఇక్కడ 106 అద్దాల డిష్‌లు పెట్టి ఎండతో ఆవిరి పుట్టించి అన్నం వండారు.

ఇదంతా ఒక్కసారి రాలేదు. 1985 ఏప్రిల్ 6న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు నిత్యాన్నదానం మొదలుపెట్టినప్పుడు రోజుకు సుమారు రెండు వేల మందికి పెట్టేవాళ్లు. 1994లో దానికి ట్రస్టు వచ్చింది. 2000లో శ్రీవారి సేవ పేరుతో ఈ స్వచ్ఛంద సేవ మొదలై ఊళ్ల నుంచి మనుషులు రావడం మొదలైంది. 2011 జులై 7న రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ఈ భవనాన్ని ప్రారంభించారు. దానికి వెంగమాంబ పేరు పెట్టడం నాకు ఎంతో సరైన పనిగా తోస్తుంది. చిన్ననాటనే భర్తను పోగొట్టుకున్న ఆడమనిషికి ఆ కాలపు లోకం వంటింటి మూల తప్ప ఇంకేం ఇచ్చేది కాదు. ఆమె కొండకు వచ్చి కావ్యాలు రాసింది, ఇక్కడే కన్నుమూసింది. రాత్రి ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఈనాటికీ ఇస్తున్నారు.

మధ్యాహ్నం మిమ్మల్ని కూరగాయల దగ్గర కూర్చోబెడతారు. దాతలు పంపిన లారీలు దిగుతున్నాయి. గుమ్మడి, సొరకాయ, వంకాయ, క్యాబేజీ గుట్టలు. చుట్టూ ఇరవై ముప్పయి మంది ఆడవాళ్లు, కత్తులు ఆగకుండా ఆడుతున్నాయి. ఒక్కొక్కరు తమ ఇంటి ముక్క కోస్తున్నారు. ఒకామెది వేలెడు ముక్క, ఇంకొకామెది గోరంత. వంటమనిషి ఒకరు వచ్చి గుట్టలో చెయ్యి పెట్టి రెండు ముక్కలు తీసి చూపిస్తాడు. "ఇది ఉడికేలోగా ఇది కరిగిపోతుంది తల్లీ. అన్నీ ఇంత ఉండాలి." ఒక ముక్క మధ్యలో పెట్టి వెళ్లిపోతాడు. ఆ ముక్క చుట్టూ అన్ని రాష్ట్రాల కత్తులూ ఒక కొలతకు వస్తాయి. కాసేపటికి పాట అందుకుంటారు. ఒకరు అన్నమయ్యను, ఇంకొకరు పురందరదాసును. రెండూ ఈ స్వామివే.

హాలుకు తిరిగి వస్తే బంతి లేచింది. ఇప్పుడు చూడవలసింది జీతానికి ఆకులెత్తేవాళ్లను. పొడుగు బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు ఆకులు చుట్టుకుంటూ పోతారు, వెనకాలే ఇంకొకరు తడిగుడ్డతో తుడుస్తారు, నేల మీద పడిన మెతుకును మరొకరు లాగేస్తారు. కొన్ని నిమిషాల్లో హాలు మళ్లీ సిద్ధం. ఏడో రోజున మీరు దర్శనం చేసుకుని, దణ్ణం పెట్టుకుని, మనసు నింపుకుని కొండ దిగుతారు. ఆకులెత్తే ఆమె మర్నాడూ వస్తుంది. ఆ మర్నాడూ వస్తుంది. ఒక్కరోజు అన్నప్రసాదానికి 44 లక్షల రూపాయలు ఇచ్చిన దాత పేరు ఇక్కడ తెర మీద కనిపిస్తుంది. అది ఉండవలసిందే, ఆ డబ్బు లేనిదే పొయ్యి వెలగదు. కానీ ఆమె చెయ్యి లేకపోతే రెండో బంతే కూర్చోదు. సేవకుల గురించి ఎన్ని మంచి మాటలు రాసినా ఈ మనుషుల జీతమూ గౌరవమూ గురించి అడగకుండా ఊరుకుంటే ఆ రాత సగమే అని నేను గట్టిగా నమ్ముతాను.

బ్రహ్మోత్సవాలు వస్తే పని హాలు గోడలు దాటిపోతుంది. 2025లో సెప్టెంబరు 24న ధ్వజారోహణం, 28న గరుడసేవ. గరుడసేవ నాడు మాడవీధుల గ్యాలరీల్లో తెల్లవారుజాము నుంచే మనుషులు కూర్చుని ఉంటారు. లేస్తే చోటు పోతుంది కాబట్టి లేవరు. వాహనం కదిలేది సాయంత్రం. అంతవరకూ అన్నమే వాళ్ల దగ్గరకు నడిచి రావాలి. పులిహోర, సాంబారన్నం, పెరుగన్నం, మజ్జిగ, నీళ్లు చేతులు మారుతూ పై మెట్టు దాకా వెళ్తాయి. మీరు కింది మెట్టు దగ్గర నిలబడి అందిస్తుంటారు. ఎవరూ తమకు రాగానే పొట్లం విప్పరు, ముందు వెనక్కి దాటిస్తారు. అంత ఎండలో, అంత ఆకలిలో.

హుబ్బళ్లి కుర్రాడి సంగతి చెప్పాలి. మూడోరోజున అతన్ని మజ్జిగకు మార్చారు. తలుపు పక్క నుంచి మొదలుపెట్టి పోస్తూ వెళ్లేవాడు. దూరపు మూల బల్లకు చేరేసరికి అక్కడివాళ్లు రసంతోనే ముగించి లేచిపోతుండేవాళ్లు. ఒక ముసలాయన ఖాళీ ఆకు ముందు చెయ్యి కడుక్కోకుండా కూర్చుని ఎదురుచూడడం అతను చూశాడు. ఆయనకు పోశాడు గానీ ఆ రాత్రి సేవకులు ఉండే సేవాసదన్‌లో పడుకునే ముందు దాని గురించే మాట్లాడాడు. మర్నాడు ఎవరినీ అడగకుండా మూల నుంచి మొదలుపెట్టాడు. తలుపు పక్కవాళ్లకు తిరుగు వరసలో ఎలాగూ అందింది.

ఏడో రోజు ఉదయం కొత్త బృందం వచ్చింది. భుజాల మీద కండువాలు ఇంకా మడత గీతలతోనే ఉన్నాయి. పెద్దాయన పది నిమిషాల పాఠం చెబుతుంటే కుర్రాడు మధ్యలో చెయ్యెత్తి, ఈ వారంలో నేర్చుకున్న తెలుగుతో అన్నాడు. "అన్నా, మజ్జిగ మూల నుంచి. ఇక్కడి నుంచి వద్దు."

పెద్దాయన అతని వంక చూసి, కొత్తవాళ్లలో మజ్జిగ బకెట్ పట్టుకున్న విజయనగరం ఆయన రెక్క పట్టుకుని హాలు మూలకు నడిపించుకుపోయాడు. "ఇదో సామీ, ఈడ నిలబడండి. ఈడి నుంచి మొదులు."