మైఖేల్ స్వీట్: 10 లక్షల కాపీలు అమ్మిన బ్యాండ్‌ని వదిలేశాడు.. క్రైస్తవ రాక్ సింగర్ తొలి సోలో ఆల్బమ్ వెనుక కథ ఇదే

పసుపు, నలుపు చారల డ్రెస్సులు.. భుజాలు దాటిన జుట్టు.. చెవులు దద్దరిల్లే గిటార్లు.. షో మధ్యలో జనంలోకి విసిరే కొత్త నిబంధన పుస్తకాలు! 1980ల్లో అమెరికాలో ‘స్ట్రైపర్’ బ్యాండ్ స్టేజ్ ఎక్కిందంటే కనిపించే సీన్ ఇది. ఆ బ్యాండ్‌కు గొంతు, గిటార్, ఎక్కువ పాటలకు రచయిత.. అన్నీ ఒక్కడే. పేరు మైఖేల్ స్వీట్. 1992లో అతను ఆ బ్యాండ్ నుంచి బయటికొచ్చేశాడు. రెండేళ్ల తర్వాత తన పేరే టైటిల్‌గా తొలి సోలో ఆల్బమ్ ‘మైఖేల్ స్వీట్’ తెచ్చాడు. పాటలు బాగానే వెళ్లాయి. కానీ వినే జనం మాత్రం మారిపోయారు.

ఇంతకీ ఎవరీ మైఖేల్ స్వీట్?

1963 జులై 4న కాలిఫోర్నియాలో పుట్టాడు. అన్న రాబర్ట్ స్వీట్ డ్రమ్మర్. పన్నెండేళ్ల వయసులో టీవీలో జిమ్మీ స్వాగర్ట్ అనే పాస్టర్ ప్రసంగాలు చూసి కుటుంబమంతా విశ్వాసంలోకి వచ్చింది. అయితే కుర్రాళ్లు పెరిగాక చర్చి కన్నా లాస్ ఏంజెలిస్ క్లబ్బుల మీదే మోజు ఎక్కువైంది. అక్కడ ‘రాక్స్ రెజీమ్’ పేరుతో వాయించేవాళ్లు. 1983లో మనసు మళ్లింది. ఇకపై పాడేది దేవుడి గురించే అని తేల్చుకుని పేరును ‘స్ట్రైపర్’గా మార్చుకున్నారు. అన్నదమ్ములిద్దరితో పాటు గిటార్ మీద ఆజ్ ఫాక్స్, బేస్ మీద టిమ్ గెయిన్స్.

పేరు వెనుక చిన్న తమాషా ఉంది. బైబిల్‌లో యెషయా 53:5 దగ్గర కొరడా దెబ్బలకు పాత ఇంగ్లిష్ అనువాదం వాడిన మాట ‘స్ట్రైప్స్’. అదే మాటకు చారలు అనే అర్థం కూడా ఉంది కదా.. అందుకే డ్రెస్సుల మీద, డ్రమ్స్ మీద, చివరికి గిటార్ల మీద కూడా చారలే చారలు!

మన దగ్గర చర్చి పాట అంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, కీబోర్డు, డోలక్ గుర్తొస్తాయి. ఆ చెవితో స్ట్రైపర్ వింటే ఇది దేవుడి పాటేనా అనిపించడం ఖాయం. నిజానికి అమెరికా చర్చిల్లోనూ చాలామందికి అలాగే అనిపించింది. మీకు తెలుసా? వాళ్లను గట్టిగా తప్పుపట్టిన వాళ్లలో ఆ జిమ్మీ స్వాగర్ట్ కూడా ఒకరు. ఎవరి మాట విని విశ్వాసంలోకి వచ్చారో ఆయనే వీళ్ల సంగీతాన్ని తిట్టిపోశాడన్నమాట.

అటు చర్చి.. ఇటు ఎంటీవీ

తిట్లు తింటూనే బ్యాండ్ దూసుకెళ్లింది. 1985లో వచ్చిన ‘సోల్జర్స్ అండర్ కమాండ్’ గోల్డ్ అయింది. అంటే 5 లక్షల కాపీలు. 1986లో ‘టు హెల్ విత్ ద డెవిల్’ ఏకంగా ప్లాటినం కొట్టింది, అంటే 10 లక్షలు. గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. ఆ ఆల్బమ్‌లోని ‘ఆనెస్ట్‌లీ’ అనే నెమ్మది పాట బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్లింది. వీడియోలు ఎంటీవీలో ఆడాయి. దేవుడి పేరు పట్టని కుర్రకారు కూడా ఆ టేపులు కొన్నారు. స్ట్రైపర్ సాధించిన అసలు విషయం ఇదే. అప్పటి క్రైస్తవ బ్యాండ్లలో ఇంత దూరం వెళ్లినవి చాలా తక్కువ.

1990లో కథ అడ్డం తిరిగింది. ‘ఎగైనెస్ట్ ద లా’ ఆల్బమ్‌కు చారల డ్రెస్సులు పోయాయి, పాటల్లో దేవుడి పేరూ దాదాపు మాయమైంది. మామూలు హార్డ్ రాక్ బ్యాండ్ల లెక్కన నల్ల తోలు బట్టల్లో కనిపించారు. సంగీతపరంగా చూస్తే అది చెత్త ఆల్బమ్ ఏమీ కాదు, గిటార్ పని కొన్నిచోట్ల ముందు వాటికన్నా గట్టిగానే ఉంది. కానీ విశ్వాసులు దూరమయ్యారు, కొత్తవాళ్లు రాలేదు. ఆ రోజుల్లో బ్యాండ్‌లో తాగుడు కూడా మొదలైందని, స్టేజ్ మీద చెప్పేది ఒకటి, బతికేది ఒకటిగా అయిపోయిందని మైఖేల్ తర్వాతి కాలంలో దాచకుండా ఒప్పుకున్నాడు. పైగా వాళ్ల రికార్డు కంపెనీ ఎనిగ్మా కష్టాల్లో పడింది. 1991లో నిర్వానా ‘నెవర్‌మైండ్’ వచ్చాక పొడవాటి జుట్టు, మెరుపు బట్టల రాక్‌కు గిరాకీ పడిపోయింది.

ఇన్నీ ఒకేసారి మీద పడ్డాయి. 1992 మొదట్లో మైఖేల్ బయటికి నడిచాడు. అప్పటికి వయసు 28. మిగిలిన ముగ్గురూ కొన్నాళ్లు నెట్టుకొచ్చారు కానీ పాడేవాడే లేకపోతే ఎంతకాలం? బ్యాండ్ ఆగిపోయింది.

1994: పేరు అతనిదే, దుకాణం వేరు

సోలో ఆల్బమ్‌ను తీసుకుంది బెన్సన్ రికార్డ్స్. నాష్‌విల్‌లోని పక్కా క్రైస్తవ సంగీత కంపెనీ. ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. 90ల్లో అమెరికాలో క్రైస్తవ సంగీతానికి విడిగా ఒక మార్కెట్ ఉండేది. బైబిళ్లు, భక్తి పుస్తకాలు అమ్మే దుకాణాల్లోనే ఈ క్యాసెట్లు, సీడీలు ఎక్కువగా అమ్ముడయ్యేవి. రేడియో స్టేషన్లు వేరు, చార్టులు వేరు. ఆ లోకంలో పెద్ద హిట్టయినా బయటి కుర్రాడికి పేరు కూడా తెలియకపోవచ్చు.

ఆల్బమ్ వింటే అతను దేనికోసం బయటికొచ్చాడో తెలిసిపోతుంది. ‘ఎగైనెస్ట్ ద లా’లో దాచిన దేవుడి పేరు ఇందులో దాపరికం లేకుండా వినిపిస్తుంది. మెటల్ హోరు తగ్గింది, మెలోడీ పెరిగింది. ఆ పైస్థాయి గొంతు మాత్రం అదే, కాకపోతే అరుపుకు బదులు పాట ఎక్కువ. ‘ఆల్ దిస్ అండ్ హెవెన్ టూ’ లాంటివి స్ట్రైపర్ నెమ్మది పాటలు నచ్చినవాళ్లకు వెంటనే ఎక్కుతాయి. ‘ఎయింట్ నో సేఫ్ వే’ అయితే పెళ్లికి ముందు హద్దులు దాటొద్దని కుర్రకారుకు సూటిగా చెప్పే పాట. క్రైస్తవ చార్టుల్లో ఈ పాటలు బాగా ఆడాయి.

అయితే పదేళ్ల కింద క్లబ్బులో బీరు గ్లాసు పట్టుకుని నిలబడ్డవాడి మీదకు బైబిల్ విసిరిన మనిషి.. ఇప్పుడు ఇంట్లో ఎలాగూ బైబిల్ ఉన్నవాళ్లకే పాడుతున్నాడు. మాట శుద్ధిగా చెప్పే స్వేచ్ఛ దొరికింది కానీ ఆ మాట ఎవరికి చేరాలని మొదలుపెట్టాడో వాళ్లు ఎదురుగా లేరు. ఇందులో తప్పు అతనిది అనలేం. బ్యాండ్ పేరు లేకుండా ఎంటీవీ తలుపు తెరుచుకునే రోజులు కావవి.

1995లో బెన్సన్ నుంచే రెండో ఆల్బమ్ ‘రియల్’ వచ్చింది. దాంతో ఆ కంపెనీ బంధం ముగిసింది. 1998లో ‘ట్రూత్’ను తనే సొంతంగా బయటపెట్టుకోవాల్సి వచ్చింది. 2000లో రెస్ట్‌లెస్ రికార్డ్స్ దాన్ని తీసుకుని మార్కెట్లోకి తెచ్చింది.

క్రాన్‌బెర్రీ మడుల్లో రాక్ స్టార్

ఈ మధ్యలో మైఖేల్ ఏం చేశాడో తెలిస్తే ఆశ్చర్యపోతారు. భార్య కైల్ వాళ్ల కుటుంబానికి మసాచుసెట్స్‌లో క్రాన్‌బెర్రీ సాగు ఉండేది. మకాం అక్కడికి మార్చి ఆ పని చూసుకున్నాడు. క్రాన్‌బెర్రీ అంటే మన వాక్కాయలా పుల్లగా ఉండే చిన్న ఎర్ర పండు. వరి మడికి పెట్టినట్టే నీళ్లు పెడతారు, కాకపోతే కోత సమయంలో. పండ్లు తేలితే ఒకచోటికి తోసి ఎత్తుతారు. 10 లక్షల కాపీలు అమ్మిన సింగర్ కొన్నేళ్లు ఆ మడుల లెక్కలు చూశాడు.

2003లో స్ట్రైపర్ మళ్లీ కలిసి టూర్‌కు వెళ్లింది, చారల డ్రెస్సులతో సహా. అప్పటికి మైఖేల్ ఇంకో సోలో ఆల్బమ్ కోసం పాటలు రెడీ చేసుకుంటున్నాడు. అవి బ్యాండ్ వాళ్లకు వినిపించాక ప్లాన్ మారింది. అన్న రాబర్ట్ డ్రమ్స్, ఆజ్ ఫాక్స్ గిటార్ తోడయ్యాయి. 2005లో ఆ పాటలు బయటికొచ్చినప్పుడు కవర్ మీద మైఖేల్ స్వీట్ పేరు లేదు. ‘స్ట్రైపర్’ అని ఉంది. ఆల్బమ్ పేరు ‘రీబార్న్’.