పలకయు పలుకును

తెరపై బొమ్మను వెలిగించి కథ చెప్పుట క్రొత్త విద్య కాదు. 1659 ప్రాంతముననే హాలెండు శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్సు మాయాదీపమును నిర్మించెను. మన దేశమున, బొంబాయి చెంతనున్న కళ్యాణ్ వాసి మహాదేవ గోపాల పట్వర్ధన్ తన కుమారులతో గూడి 1892లో ‘శాంబరిక ఖరోలిక’ యను పేర ప్రదర్శనము లారంభించెను. గాజుపలకలపై చేతితో చిత్రించిన పురాణగాథలు ఒకదాని వెంట నొకటి తెరపై వెలుగుచుండగా, ప్రక్కన వ్యాఖ్యానమును సంగీతమును సాగెడివి. పలుకు లేనిచో నా పలకలు వట్టి బొమ్మలే. తోలుబొమ్మలాట నెరిగిన తెలుగువారి కీ సంగతి వేరుగ జెప్ప నక్కరలేదు.

ఆ గాజుపలకయే స్లైడు. 1987లో పవర్‌పాయింటు వెలువడిన పిమ్మట స్లైడును కంప్యూటరుపైననే కూర్చుట సులభమయ్యెను. 2006 అక్టోబరులో రశ్మీ సిన్హా, జొనాథన్ బూటెల్, అమిత్ రంజన్ అను మువ్వురు స్లైడ్‌షేర్‌ను నెలకొల్పిరి. దాని కార్యాలయములలో నొకటి ఢిల్లీలోనే యుండెను. ఒక సభలో చూపిన స్లైడు లిక నంతర్జాలమున నెల్లరకు లభ్యములు. కాని వక్త దాపున లేని స్లైడులో మిగులునది నాలుగు ముక్కలు, రెండు పటములు. సమావేశమునకు పోక దాని కాగితములు మాత్రము చేతికందిన గుమాస్తా యవస్థయే చూపరికిని పట్టెను!

ఈ లోపమును తీర్చుటకే 2007లో ‘స్లైడ్‌కాస్ట్’ వచ్చెను. వక్త కంఠధ్వనిని జతపరచి, ఏ మాటకడ నే స్లైడు మారవలెనో గుర్తించు పద్ధతి యది. పట్వర్ధన్ విద్యయే మరల వచ్చినట్లయ్యెను. 2012లో స్లైడ్‌షేర్‌ను లింక్డిన్ కొనెను. 2014లో స్లైడ్‌కాస్ట్ నిలిచిపోయెను. 2020లో సంస్థ స్క్రిబ్డ్ చేతికి మారెను. స్లైడులు నిలిచినవి, వానితో చేర్చిన గొంతులు మాత్రము వినరాకపోయెను.