రైఫిల్ గురి

రైఫిల్ గురి అనగా రైఫిల్ నుండి వెలువడిన గుండ్లు ఉద్దేశించిన బిందువును ఎంత దగ్గరగా, ఎంత నిలకడగా తాకుతున్నాయో తెలిపే లక్షణం. ఇది తుపాకి, తూటా, కాల్చే వ్యక్తి అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది. గురిని మెరుగుపరచే పద్ధతులలో, కాల్చిన తూటా యొక్క ఇత్తడి డొల్లను తిరిగి నింపి వాడటం (రీలోడింగ్) ఒకటి. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.

హైదరాబాదు నేపథ్యం

1591లో చార్మినారు నిర్మాణం జరిగిన కాలంలో తుపాకి గొట్టాలు ఎక్కువగా లోపల నునుపుగా ఉండేవి. గుండు గొట్టంలో కొంత వదులుగా ఉండి, గోడలకు తగులుతూ బయటకు వచ్చేది. అందువలన అది ఏ వైపు ఒరిగి పోతుందో ముందుగా చెప్పడం కష్టం. రెండవ నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫతే మైదాను సమీపాన ఫిరంగులు పోతపోసే కార్ఖానాను నెలకొల్పాడు. దీనిని 'తోప్ కా సాంచా' అంటారు. ఆ ప్రాంతానికి గన్‌ఫౌండ్రీ అనే పేరు దీనివల్లనే వచ్చింది.

గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటే గుండు బొంగరం వలె తన చుట్టూ తాను తిరుగుతూ, దిశ తప్పకుండా ప్రయాణిస్తుంది. ఇటువంటి గాడులు గల తుపాకియే రైఫిల్. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కాగితపు తూటాలకు పూసిన కొవ్వు గురించిన వార్తలు 1857 తిరుగుబాటుకు ఒక కారణమైనాయి. ఆ తిరుగుబాటు ప్రభావంతో 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ల నాయకత్వంలో హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగింది. కాగితపు తూటా ఒక్కసారికే పనికివచ్చేది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇత్తడి డొల్లలు వాడుకలోకి వచ్చిన తరువాతనే వాటిని తిరిగి నింపే పద్ధతి వ్యాపించింది.

గురిని కొలిచే విధానం

ఒకే బిందువుకు గురిపెట్టి కాల్చిన అయిదు లేక పది గుండ్ల రంధ్రాల సముదాయాన్ని 'గ్రూపు' అంటారు. గ్రూపు చిన్నదిగా ఉండి మధ్యబిందువుకు దూరంగా పడితే సైటును సరిచేస్తే చాలు. గ్రూపు చెల్లాచెదురుగా ఉంటే లోపం కాల్చే తీరులోనో, తూటాలోనో, తుపాకిలోనో ఉన్నదని గ్రహించాలి. అప్పుడు సైటును ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

గ్రూపు పరిమాణాన్ని కోణంలో చెబుతారు. ఒక డిగ్రీలో 60వ వంతు ఒక నిముషం. ఒక నిముషం కోణం 100 మీటర్ల దూరంలో సుమారు 29 మిల్లీమీటర్లకు, 10 మీటర్ల దూరంలో 2.9 మిల్లీమీటర్లకు సమానం.

చార్మినారు ఒక్కొక్క ముఖం పొడవు సుమారు 20 మీటర్లు. అందులో సగం దూరం నుండి జరిగేదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ. ఇందులో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. అయితే 4.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకినా పది వస్తుంది. కనుక పెల్లెట్ కేంద్రం మధ్యబిందువు నుండి 2.5 మి.మీ. లోపల ఉంటే సరిపోతుంది. 50 మీటర్ల పోటీలో పది వలయం వ్యాసం 10.4 మి.మీ.

తొలిమెట్లు

కొత్తగా నేర్చుకొనేవారు ఖరీదైన పరికరాలను మార్చుటకు ముందు ఈ క్రింది విషయాలపై శ్రద్ధ వహించడం మేలు.

* నిలకడ: భంగిమ కండరాల బలం మీద గాక ఎముకల ఆధారం మీద నిలవాలి. కళ్ళు మూసి తెరిచినపుడు రైఫిల్ లక్ష్యం మీదనే ఉండాలి. లేనిచో చేతులతో నెట్టక, పాదాలను జరుపుకోవాలి.
* శ్వాస: గాలి వదిలిన తరువాత కలిగే సహజ విరామంలో కాల్చాలి. కొద్ది క్షణాలలో కాల్చలేకపోతే తుపాకి దించి మళ్ళీ మొదలుపెట్టాలి.
* ట్రిగ్గర్: కుదుపు లేకుండా, నిదానంగా నేరుగా వెనుకకు లాగాలి. గుండు వెలువడిన తరువాత కూడా ఒక క్షణం కదలరాదు.
* ఖాళీ సాధన: శిక్షకుని పర్యవేక్షణలో పెల్లెట్ లేకుండా చేసే సాధన వలన ట్రిగ్గర్ లోపాలు బయటపడతాయి.
* పరీక్ష: ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం దేనివల్ల కలిగిందో తెలియదు.

తరువాతి మెట్టు తూటా ఎంపిక. ఒకే కంపెనీ పెల్లెట్లయినా తయారీ విడతను బట్టి స్వల్ప తేడాలు ఉంటాయి. రైఫిల్‌ను బిగింపులో ఉంచి, వేర్వేరు విడతలను కాల్చి, చిన్న గ్రూపు ఇచ్చినదానిని ఎంచుకుంటారు.

తూటాలను తిరిగి నింపడం

తూటాలో డొల్ల, ప్రైమర్, మందు, గుండు అనే నాలుగు భాగాలు ఉంటాయి. కాల్చిన తరువాత డొల్ల మాత్రమే మిగులుతుంది. దానిని శుభ్రపరచి, పాత ప్రైమర్ తీసి, కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, తూచిన మందు, గుండు అమర్చడమే రీలోడింగ్. ప్రతి తూటాలో మందు ఒకే తూకంలో, గుండు ఒకే లోతులో ఉంటే వేగంలో తేడాలు తగ్గి గ్రూపు చిన్నదవుతుంది.

ఇది అన్ని తూటాలకు వర్తించదు. 50 మీటర్ల పోటీలో వాడే .22 తూటాలో ప్రైమర్ రసాయనం డొల్ల అంచులోనే ఉంటుంది. కాల్చినపుడు ఆ అంచు నలుగుతుంది కనుక దానిని తిరిగి నింపరు. ఎయిర్ రైఫిల్‌లో మందే ఉండదు. కావున ఈ రెండు పోటీలలో ప్రవేశించేవారికి రీలోడింగ్ అవసరం లేదు. 300 మీటర్లు, అంతకు మించిన దూరాల పోటీలలోనే దీనికి ప్రాధాన్యం ఉంది.

మందు రకం మారినా, పొరపాటున రెండు మార్లు పోసినా గొట్టం పగిలి ప్రాణాపాయం కలుగవచ్చు. లైసెన్సు గలవారు సైతం మందు తయారీదారు ముద్రించిన పట్టికను దాటరాదు.

చట్టం

ఆయుధ చట్టం, 1959లోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకులను గాని, తూటాలను గాని తయారు చేయరాదు. 2019 సవరణ తరువాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ళ జైలు. అది యావజ్జీవం వరకు ఉండవచ్చు. ఆయుధ నియమాలు, 2016 ప్రకారం 4.5 మి.మీ. వ్యాసం, 20 జౌళ్ళ శక్తి మించని గాలి తుపాకులకు లైసెన్సు అవసరం లేదు. అందువలన ఈ క్రీడను ఎయిర్ రైఫిల్‌తో ప్రారంభించడం తేలిక.

హైదరాబాదు క్రీడాకారులు

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 701.1 పాయింట్లతో కాంస్య పతకం సాధించాడు. పిస్టల్ విభాగంలో నగరానికి చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలుచుకుంది.

ఇవి కూడా చూడండి

* చార్మినారు
* గన్‌ఫౌండ్రీ
* గగన్ నారంగ్