ధ్రువసీమలో ఇల్లు

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. సాంఘికశాస్త్రం అయ్యవారు సెలవు పెట్టిన రోజున ఆ పీరియడు నా మెడకు చుట్టుకునేది. శీతల మండలాల పాఠం తగిలిందంటే మాత్రం నాకు మహా ఉత్సాహం. నల్లబల్ల మీద బోర్లించిన గిన్నెలాగా ఒక మంచు ఇల్లు, దాని పక్కన కుక్కల బండి, బల్లెం పట్టిన మనిషి. “ఎస్కిమోలు మంచు ఇళ్ళలో నివసింతురు, పచ్చిమాంసము భుజింతురు” అని పిల్లలచేత వల్లె వేయించేవాణ్ణి. ఆ బొమ్మ నాకెవరు నేర్పారన్న ప్రశ్న నాకెన్నడూ కలగలేదు.

మొన్న వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు టీవీలో అలాస్కా అడవుల కార్యక్రమం చూస్తున్నాడు. తెలుగులోకి అనువదించినదే. గడ్డపు మనిషి ఒకడు గొడ్డలితో మొద్దులు చీలుస్తున్నాడు. “ప్రాణాలకు తెగించి” అని వ్యాఖ్యాత గొంతు మాటిమాటికీ ఉరుముతోంది. వాడు నా వంక తిరిగి, “తాతయ్యా, అక్కడ పిల్లలుండరా? బడి ఉండదా?” అన్నాడు. జవాబు తోచలేదు. ఆనాటినుంచి దొరికినంత చదివాను. నా నల్లబల్ల మీది బొమ్మకు మూలం ఎక్కడుందో కొంత బోధపడింది.

ముందుగా ఒక భాషా ముచ్చట. పండితుణ్ణి గనుక మన్నించండి. ‘ఇగ్లూ’ అంటే మంచు ఇల్లని కాదు, కేవలం ఇల్లని అర్థం. పెంకుటిల్లయినా ఇగ్లూయే. గ్రీన్లాండు వారి భాషలో ఆ మాట అరిగి అచ్చంగా ‘ఇల్లు’ అయింది! కాకతాళీయమే సుమా, దీన్ని పట్టుకుని ఎవరూ చుట్టరికాలు కలపవద్దు. మంచు దిమ్మెలతో కట్టే ఇల్లు ముఖ్యంగా కెనడా ఉత్తరభాగపు వారి శీతకాలపు నివాసం. అలాస్కా వారు మట్టి, కొయ్య, తిమింగలపు ఎముకలతో కట్టుకునేవారు. గ్రీన్లాండులో గడ్డిమట్టి పెళ్ళలతో, రాళ్ళతో కట్టిన గోడలు. నేను బల్ల మీద గీసినది ఒక ప్రాంతపు ఇంటిని, అదీ ఒక ఋతువులోని ఇంటిని. దాన్నే అందరికీ, అన్ని కాలాలకూ అంటగట్టాను.

ఆ బొమ్మను లోకమంతా పంచిపెట్టినది ఒక మూకీ చిత్రం. రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికా దేశస్థుడు ఖనిజాల అన్వేషణకై హడ్సన్ అఖాతం తీరాలకు వెళ్ళి, అక్కడి జనాన్ని చిత్రించడం మొదలుపెట్టాడు. తొలి ప్రయత్నంలో తీసిన ఫిల్ము 1916లో తన సిగరెట్టు నిప్పుకే కాలి బూడిదయింది. పట్టు వదలక 1920లో తిరిగి వెళ్ళాడు. ఈసారి ఖర్చు పెట్టుకున్నది రెవిల్లాన్ అనే ఫ్రెంచి ఉన్ని తోళ్ళ వ్యాపార సంస్థ. క్యుబెక్ ఉత్తర తీరంలో నేడు ఇనుక్‌జువాక్ అంటున్న చోట ఏడాదికి పైగా ఉండి తీసిన ఆ చిత్రం ‘నానూక్ ఆఫ్ ది నార్త్’. 1922లో విడుదలై దేశదేశాలు తిరిగింది.

నానూక్ అంటే ధ్రువపు ఎలుగుబంటి. కథానాయకుని అసలు పేరు అది కాదు, అల్లకరియల్లక్. తెర మీద అతని భార్యగా కనిపించే ఆమె అతని భార్య కాదు. మంచు ఇంటిలోపల కెమెరా పట్టక, వెలుతురు చాలక, సగం కోసేసిన పెద్ద ఇల్లు కట్టించారు. ఆ గోడలేని ఇంటి చలిలోనే వారు నిద్రపోతున్నట్లూ లేస్తున్నట్లూ నటించారు. అప్పటికే ఆ జనం తుపాకులతో వేటాడుతున్నారు. తెర మీద బల్లేలే పట్టారు. వ్యాపారి చూపిన గ్రామఫోను రికార్డును నానూక్ ఏమీ తెలియని పసివాడిలా కొరికి చూస్తాడే, అదీ నటనే.

ఫ్లాహర్టీ మోసగాడని అనను. తీసిన ఫిల్మును అక్కడికక్కడే కడిగి ఆ జనానికే చూపేవాడు. కెమెరా మోసినవారూ, మరమ్మతు చేసినవారూ వారే. తాతల నాటి వేటను మళ్ళీ ఆడి చూపడంలో వారికీ సరదా ఉంది. నా అభ్యంతరం ఒక్కటే: అది తాతల నాటిదని చెప్పలేదు. తేదీ తీసేసిన ఉత్తరం లాంటిది ఆ చిత్రం. 1922లో చూసినవాడికి ‘నేడు’ అనిపించింది, 1952లో చూసినవాడికీ ‘నేడు’ అనే అనిపించింది. చిత్రం విడుదలైన కొద్దికాలానికే అల్లకరియల్లక్ మరణించాడు. వేటలో ఆకలికి మాడి చనిపోయాడని ఫ్లాహర్టీ రాశాడు. ఇంటి దగ్గరే, బహుశా క్షయతో పోయాడని తరువాతివారి నిర్ణయం. చావుకు సైతం కథకు తగిన కారణమే కావలసి వచ్చింది!

బొమ్మే గదా, ఎవరికి నష్టం అంటారేమో. అదే ఇనుక్‌జువాక్ కథ మరికొంత వినండి. 1953లో కెనడా ప్రభుత్వం అక్కడి కొన్ని కుటుంబాలను ఓడ ఎక్కించి, సుమారు 2,000 కిలోమీటర్లు ఉత్తరంగా, అంతవరకు జనావాసం లేని గ్రీస్ ఫియోర్డ్, రెసల్యూట్ అనే చోట్ల దించింది. 1955లో మరికొన్నిటిని తరలించింది. అక్కడ వేట సమృద్ధిగా ఉంటుందనీ, ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా పూర్వపు వేటగాళ్ళలా బతకవచ్చుననీ చెప్పారు. నచ్చకపోతే రెండేళ్ళలో వెనక్కు తీసుకువస్తామన్నారు. ఆ మాట నిలుపుకోలేదు. ఆ ఉత్తర దీవుల మీద దేశపు హక్కును చాటుకోవడం కూడా దీని వెనుక ఉందని చరిత్రకారులు చెబుతారు. వెళ్ళినవారికి ఆ నేల తెలియదు, అక్కడి జంతువుల దారులు తెలియవు. నెలల తరబడి సూర్యుడు కనిపించని రాత్రిని వారు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తొలి శీతకాలం గుడారాలలో గడిపారు.

ఈ పనికి సినిమాయే కారణమని నేనను, అంత అమాయకుణ్ణి కాను. కాని దూరాన కూర్చున్న అధికారి ‘ఉత్తరాదివాడు ఎక్కడ దించినా మంచులో బతికేస్తాడు’ అనుకోగలిగాడంటే, ఆ నమ్మకానికి ఒక బొమ్మ కావాలి గదా. అన్నిటికంటె నన్ను కలచినది ఇది: 1955లో తరలినవారిలో జోసఫీ ఫ్లాహర్టీ ఉన్నాడు. చిత్రం తీసిన రోజుల్లో ఆ దర్శకునికి ఒక ఇనుయిట్ స్త్రీవల్ల కలిగిన కుమారుడు. తండ్రి ముఖం ఎరుగడు. తండ్రి తీసిన బొమ్మ లోకమంతా తిరుగుతుండగా కొడుకు గ్రీస్ ఫియోర్డ్ చీకటిలో భార్యాబిడ్డలతో దిగాడు. ఆయన కూతురు మార్తా ఫ్లాహర్టీ పెద్దదై ఇనుయిట్ స్త్రీల సంఘానికి అధ్యక్షురాలయింది, విచారణ సంఘం ముందు తన బాల్యం చెప్పుకుంది. ప్రభుత్వం 2010 ఆగస్టులో క్షమాపణ చెప్పింది. జోసఫీ అప్పటికి లేడు.

ఇక దూరదర్శిని సంగతి. కెనడా 1972లో అనిక్ అనే ఉపగ్రహాన్ని పైకి పంపింది. మరుసటి ఏడు నుంచి ఉత్తరపు పల్లెలకు టీవీ రావడం మొదలయింది. వచ్చినది దక్షిణాది నగరాల టీవీ. ఇనుక్టిటుట్ భాషలో కార్యక్రమాలు దాదాపు శూన్యం. అప్పుడు ఇగ్లూలిక్ అనే ఊరు చేసిన పని నాకు మహాశ్చర్యం కలిగించింది. పేరులోనే ‘ఇల్లున్న చోటు’ అనే అర్థమున్న ఊరది. టీవీ కావాలా అక్కరలేదా అని 1975లో ఊరంతా ఓటు వేసి, అక్కరలేదన్నారు. 1979లో మళ్ళీ అడిగితే మళ్ళీ అక్కరలేదన్నారు. మన భాష వినబడని పెట్టె మన పిల్లల ముందు ఎందుకన్నది వారి వాదం. ఇనుయిట్ల సొంత ప్రసార సంస్థ 1980ల ఆరంభంలో ఏర్పడి, తమ మాట తమకు వినిపించే ఏర్పాటు జరిగాకనే, 1983లో పెట్టెను ఊళ్ళోకి రానిచ్చారు.

1975 అనగానే నాకు మా ఊరి బడి వరండా గుర్తుకు వస్తుంది. మాది పాత మహబూబునగర్ జిల్లా. ఆ ఏడాది ఆగస్టు 1న మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ ప్రయోగం మొదలయింది. ఆరు రాష్ట్రాలలో 2,400 పల్లెలకు టీవీ పెట్టెలిచ్చారు. కోళ్ళగూటికి వాడే జాలీతో చేసిన పది అడుగుల గొడుగు ఒకటి బడి ముందు వెలిసింది. సాయంకాలమయ్యేసరికి ఊరు ఊరంతా అక్కడే. హైదరాబాదులో తయారైన తెలుగు కార్యక్రమాలు, ఎరువుల గురించి, పశువుల గురించి, నడుమ ఆటపాటలు. ఆ ఉపగ్రహం మనది కాదనీ, అమెరికా వారి వద్ద ఏడాదికి అరువు తెచ్చుకున్నదనీ అప్పుడే విన్నాను. వినని సంగతి ఇన్నాళ్ళకు తెలిసింది. ఏటీఎస్-6 అనే ఆ ఉపగ్రహం 1974 మే నెలలో ఎగిరి, మన మీదికి జరగకముందు మొదటి ఏడాది చేసిన పనులలో ఒకటి అలాస్కా పల్లెలకు చదువు, వైద్యం కార్యక్రమాలు అందించడం! అక్కడి గుడిసెల మీద నిలిచిన ఆ కన్నే మరుసటి ఏడు మా వరండా మీదికి తిరిగింది. మంచులోని ఆ పిల్లలూ, జొన్నచేల నడుమ నేనూ ఒకే పెట్టెకు ముందువెనుకల శ్రోతలమన్నమాట. 1976 జూలై చివర ఉపగ్రహం వెళ్ళిపోయింది, మా పెట్టె మూగబోయింది. మా భాషలో మాట్లాడింది, నిజమే. కావాలా అని మమ్మల్నెవరూ అడగలేదు, పోతున్నామనీ చెప్పలేదు. ఇగ్లూలిక్ వారి ఓటు మీద నాకు గౌరవం కలగడానికి ఇదొక కారణం కావచ్చు.

బయటివారు తీసిన ఉత్తరాది కథలు ఆ తరువాత కుప్పతెప్పలుగా వచ్చాయి. ‘నార్తర్న్ ఎక్స్‌పోజర్’ (1990–95) అనే ధారావాహికలోని అలాస్కా పల్లె నిజానికి వాషింగ్టన్ రాష్ట్రంలోని రోస్లిన్ అనే ఊరు. ఆ తరువాత ‘యథార్థ’ కార్యక్రమాలు: పీతల వేట 2005లో, మంచు దారుల లారీలు 2007లో, ‘లైఫ్ బిలో జీరో’ 2013లో. అలాస్కా ప్రభుత్వం కొన్నేళ్ళపాటు చిత్రీకరణకు పన్ను రాయితీ ఇచ్చి 2015లో ఎత్తివేసింది. అడవిలో బాహ్యప్రపంచానికి దూరంగా బతుకుతున్నామని తెర మీద చెప్పుకున్న ఒక కుటుంబంలో తండ్రీ కొడుకూ, తాము ఆ రాష్ట్రంలో లేని కాలానికి నివాసులకిచ్చే సొమ్ము కోసం తప్పుడు దరఖాస్తు పెట్టినట్లు 2016లో న్యాయస్థానంలో ఒప్పుకున్నారు. వీటన్నిటిలో ఒంటరి మగవాడు, గొడ్డలి, శూన్యమైన నేల. 2020 లెక్కల ప్రకారం అలాస్కా జనాభా 7,33,391. అందులో 2,91,247 మంది ఒక్క ఆంకరేజ్ నగరంలోనే ఉన్నారు. వాళ్ళు ట్రాఫిక్ దీపాల దగ్గర ఆగుతారు, సంతలో కూరలు బేరమాడుతారు. రహదారి లేని పల్లెలకు ఉత్తరాలూ సరుకులూ విమానంలో వస్తాయి, ధరలు మండిపోతుంటాయి. కెనడా వైపు నునావుట్‌లో ఇళ్ళు చాలక ఒకే కప్పు కింద మూడు తరాలు ఇరుక్కుంటాయి. ఇల్లు దొరకని కష్టం ఎలుగుబంటి అంత బాగా తెరకెక్కదు కాబోలు.

రెండుసార్లు వద్దన్న ఆ ఇగ్లూలిక్ నుంచే ఒక కెమెరా బయలుదేరింది. జకరియాస్ కునుక్ అనే శిల్పి, 1981లో తన రాతి బొమ్మలు అమ్ముకుని మాంట్రియల్‌లో ఒక వీడియో కెమెరా కొన్నాడు. ఊరింకా టీవీని రానివ్వని రోజులవి! 1990లో మిత్రులతో ఇసుమా అనే సంస్థ పెట్టి, ‘నునావుట్’ పేర 13 భాగాల ధారావాహిక తీశాడు. 2001లో అతని ‘అటనార్జువాట్’ చిత్రానికి కాన్ ఉత్సవంలో తొలి చిత్ర దర్శకులకిచ్చే పురస్కారం దక్కింది. ఇనుక్టిటుట్ భాషలో మొదటి పూర్తినిడివి కథాచిత్రం అదే. 2021 జనవరిలో వారి భాషకే అంకితమైన ‘ఉవగుట్’ టీవీ మొదలయింది. 2025లో ‘నార్త్ ఆఫ్ నార్త్’ అనే హాస్య ధారావాహిక వచ్చింది. ఇద్దరు ఇనుయిట్ స్త్రీలు సృష్టించి, ఇకాలుయిట్‌లో తీసినది. అందులో మంచుతో యుద్ధం చేసే వీరుడు లేడు. మొగుణ్ణి వదిలి, కూతురితో పుట్టింటికి చేరి, ఊళ్ళో ఉద్యోగం వెతుక్కునే పడుచు ఉంది. ఇరుగుపొరుగుల గుసగుసలున్నాయి. అచ్చం మన ఊరే.

‘నునావుట్’ మొదటి భాగం మనుమడికి చూపించాను. వ్యాఖ్యాత గొంతు లేదు. ఒక తండ్రి కొడుకుకు కుక్కల బండి తోలడం, మంచు ఇల్లు కట్టడం నేర్పుతున్నాడు. వాడు గంతేసి, “చూశావా తాతయ్యా, నీ బొమ్మ నిజమే!” అన్నాడు. చిక్కులో పడ్డాను. కునుక్ తీసినదీ నటనే గదా, వేషాలే గదా, ఫ్లాహర్టీకీ ఇతనికీ తేడా ఏమిటి? మళ్ళీ మొదటికి తిప్పి చూపించాను. ఈ కథ 1945 నాటిదని వాళ్ళు చెప్పుకున్నారు. అమ్మానాన్నలు బతికిన తీరును బిడ్డలు ఆడి చూపుతున్నారు. “1945 అంటే మా నాన్న బడికి పోతున్న రోజులురా,” అన్నాను.

“మరి ఇప్పుడు?” అన్నాడు.

ఇప్పుడు ఇగ్లూలిక్‌లో బడి ఉంది. పేరు అటగుట్టాలుక్. 1905 ప్రాంతంలో ఘోరమైన కరువులో తనవారినందరినీ పోగొట్టుకుని బతికి బయటపడి, ఆ తరువాత ఆ ప్రాంతానికంతటికీ పెద్దదిక్కైన స్త్రీ పేరది. బడికి ఆమె పేరు పెట్టుకున్నారని చెబితే, ఆమె ఏ సబ్జెక్టు టీచరని అడిగాడు.