డ్వార్ఫ్ మంత్రగాడు కావడానికి 26 ఏళ్ళు

కంప్యూటర్ గేముల్లో మొట్టమొదట వచ్చే తెర గుర్తుందా? మీ పాత్రకి పేరు, ముఖం, జాతి, వృత్తి ఎంచుకోమంటుంది. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్ళైతే ఆ తెర దగ్గరే ఓ పూట గడిపేసి ఉంటారు. ఆ తెరకి తాత లాంటిది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు రిఫరీ (తర్వాత్తర్వాత డంజన్ మాస్టర్ అన్నారు), కథ నడిపిస్తారు. మిగతావాళ్ళకి తలో పాత్ర. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి.

ఇంతకీ ఈ ఆటలో "నేనెవర్ని" అన్నది ఎవరు నిర్ణయించాలి? పాచికలా, పుట్టుకా, రిఫరీయా, నేనా? ఒక్కో ఎడిషనూ ఒక్కో జవాబు చెప్పింది. రిలీజు నోట్సు చదవడం మనకి అలవాటే కాబట్టి వరసగా చూద్దాం.

1974 వెర్షనులో బలం, తెలివి లాంటి గుణాలు ఆరు. ఒక్కోదానికి మూడేసి పాచికలు, అదీ వరసలోనే. ఏ అంకె వస్తే అదే ప్రాప్తం. ఎంసెట్ ర్యాంకు చూసుకుని బ్రాంచి తీసుకున్నట్టు, అంకెలు చూసుకుని వృత్తి తీసుకోవాలి. ఉన్నవి మూడే: యోధుడు, మంత్రగాడు, క్లెరిక్. మనిషైతే మూడిట్లో ఏదైనా సరే. డ్వార్ఫ్‌గా పుడితే మాత్రం యోధుడే, అదీ 6వ లెవెల్ దాకానే. హాబిట్ అయితే 4తో సరి. ఆపైన ఎంతమంది రాక్షసుల్ని చంపినా ప్రమోషన్ లేదు!

తమాషా ఏమిటంటే, అదే పుస్తకంలో ఇంకోచోట, రిఫరీ ఒప్పుకుంటే దాదాపు ఏ జీవిగానైనా ఆడొచ్చని ఉంది. డ్రాగన్‌గా కూడా, కాకపోతే పిల్ల డ్రాగన్‌గా మొదలుపెట్టాలంతే. అంటే స్వేచ్ఛ ఉంది, కానీ అది రిఫరీ దయ. మంచివాడు దొరికితే మీరు డ్రాగన్, లేకపోతే 6వ లెవెల్లో ఆగిపోయిన డ్వార్ఫ్.

1978లో అడ్వాన్స్‌డ్ ఎడిషన్ వచ్చింది. వృత్తులు పెరిగాయి, వాటితోపాటు పట్టికలూ పెరిగాయి. ఏ జాతికి ఏ వృత్తి, ఎన్నో లెవెల్ దాకా అన్నీ గళ్ళలో రాసేశారు. ఆడ పాత్రల బలానికి పైన ఒక హద్దు కూడా పెట్టారు. ఇక 1981లో వచ్చిన బేసిక్ సెట్లో జాతే వృత్తి అయిపోయింది. ఎల్ఫ్‌గా పుడితే వృత్తి పేరు కూడా ఎల్ఫే. దీన్ని మన దేశంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా.

గైగాక్స్ వాదనలో లాజిక్ లేకపోలేదు. ఆ ప్రపంచానికి మనిషే కేంద్రంగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. చీకట్లో చూపు, వందల ఏళ్ళ ఆయుష్షు ఉన్న ఎల్ఫ్‌కి హద్దు లేకపోతే ఇక మనిషి పాత్ర ఎవరు తీసుకుంటారు? సరే, ఆ బ్యాలెన్సు కోసం ఎల్ఫ్‌కి హద్దు పెట్టారనుకుందాం. ఆడవాళ్ళ బలానికి హద్దు ఏ బ్యాలెన్సు కోసం? 1989 నాటి రెండో ఎడిషన్ ఆ హద్దు తీసేసింది. డ్వార్ఫ్‌కి మాత్రం మంత్రం అప్పటికీ అందలేదు.

1997లో ఆ కంపెనీని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది. 2000లో మూడో ఎడిషన్ తెచ్చింది. ఒక్క దెబ్బతో గళ్ళన్నీ ఎగిరిపోయాయి. ఏ జాతికైనా ఏ వృత్తైనా! లెవెల్ పెరిగినప్పుడల్లా ఇంకో వృత్తి కలుపుకోవచ్చు. దయగా దొరికింది కాస్తా హక్కయింది.

కానీ ఆగండి. సగం ఓర్క్ పాత్ర పాలడిన్ అవ్వొచ్చు, అడ్డేమీ లేదు. కాకపోతే పాలడిన్‌కి ఎంతో అవసరమైన ఆకర్షణలో ఆ జాతికి పుట్టుకతోనే మైనస్ 2. తలుపు తీశారు గానీ గడప ఎత్తు పెంచారన్నమాట. పైగా ఫీట్లని పిలిచే ప్రత్యేక విద్యలు బోలెడు. అన్నీ ఒకటే బరువు కాదు. టఫ్‌నెస్ అనేది వినడానికి గొప్పగా ఉంటుంది, ఇచ్చేది 3 ప్రాణ పాయింట్లు. ఆట బాగా తెలిసినవాళ్ళకి లాభం ఉండేలా కావాలనే చేశామని, ఆ ఎడిషన్ రచయితల్లో ఒకరైన మాంటే కుక్ తర్వాత తనే రాశాడు. లెక్కలు తెలిసినవాడు 20వ లెవెల్ దాకా ప్లాను గీసుకుని కూర్చుంటాడు. తెలియనివాడు పేరు బావుందని టఫ్‌నెస్ తీసుకుంటాడు. పుట్టుక పోయి ఆ స్థానంలోకి పరిజ్ఞానం వచ్చింది.

2008 నాటి నాలుగో ఎడిషన్ దీనికి విరుగుడు వెతికింది. వృత్తులన్నిటినీ నాలుగు పాత్రల కింద సర్ది, దేనికదే పనికొచ్చేలా తూకం వేసింది. అన్నీ ఒకేలా ఉన్నాయని చాలామంది విసుక్కున్నారు. 2014 నాటి ఐదో ఎడిషన్ ఫీట్లని ఐచ్ఛికం చేసింది, మూల పుస్తకంలోని జాతులకి మైనస్‌లు పెట్టలేదు. 2020లో జాతి ఇచ్చే ప్లస్‌లని కూడా నచ్చిన గుణానికి మార్చుకోవచ్చన్నారు. 2024 పుస్తకం జాతి అన్న మాటే మార్చేసి, ఆ ప్లస్‌లని పాత్ర నేపథ్యానికి కట్టింది. అక్కడా మెలిక ఉంది. సైనికుడి నేపథ్యం తీసుకుంటే తెలివికి ప్లస్ రాదు, మాజీ సైనికుడు మంత్రగాడవ్వాలంటే కాస్త వెనకపడే మొదలుపెట్టాలి. పుట్టుక బదులు పెంపకం!

నా మట్టుకు నాకు, పుస్తకంలో ఎన్ని ఆప్షన్లున్నాయన్నది స్వేచ్ఛకి కొలత కాదు. మొదటిసారి బల్ల దగ్గర కూర్చున్న మనిషి "నేను డ్వార్ఫ్ మంత్రగత్తెని" అంటే ఎవర్నీ బతిమాలుకోకుండా, మూడొందల పేజీలు చదవకుండా, పదో వారంలో పక్కవాళ్ళకి భారం కాకుండా ఆడగలగాలి. 1974లో మొదటిది లేదు, 2000లో మిగతా రెండూ లేవు. నిషేధం తీసేయడం తేలికే, పట్టికలో ఒక వరస కొట్టేస్తే చాలు. కొత్తగా వచ్చినవాళ్ళకి శిక్ష పడకుండా చూడటానికే ఇంతకాలం పట్టింది, ఇంకా పూర్తయినట్టు లేదు.