తల్బీనా, ఖమీరా, ఫోలిక్ యాసిడ్: ఉదాసీ ఇలాజ్‌లో తిండి కథ

రంజాన్ దగ్గర పడితే చాలు, మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో తల్బీనా పొడి ఇష్తెహార్లు మొదలవుతాయి. డిప్రెషన్‌కి ఇదే సున్నత్ ఇలాజ్, ఇక గోలీలు మానేయండి అని కింద రాసి ఉంటుంది. మొదటి మాట మీద నాకు పెద్ద ఎతరాజ్ లేదు. గోలీలు మానేయమన్న రెండో మాట ఎక్కడిదా అని వెతికాను. హదీస్‌లో అయితే లేదు.

సహీ బుఖారీలోని రివాయత్ ఇది. ఇంట్లో మౌత్ అయినప్పుడు, పుర్సాకు వచ్చిన ఆడవాళ్లంతా వెళ్లిపోయి ఇంటివాళ్లు, దగ్గరివాళ్లు మిగిలాక హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా కాయించేవారు. సరీద్ చేయించి, దాని మీద ఆ జావ పోయించి తినమనేవారు. అది రోగి దిల్‌కి రాహత్ ఇస్తుందని, గమ్‌లో కొంత తీసేస్తుందని రసూలుల్లాహ్ (స) చెప్పగా విన్నానని అనేవారు. బార్లీ పిండితో పల్చగా కాచే జావ అది. పాలలా తెల్లగా ఉంటుంది కాబట్టి ‘లబన్’ నుంచి ఆ పేరు వచ్చింది. నేను ఆగిపోయేది ‘కొంత’ దగ్గర. అరబీలో అక్కడున్న మాట ‘బాజ్’. మనం ‘బాజ్ లోగ్’ అంటామే, అదే. గమ్ మొత్తం పోతుందని అనలేదు. పైగా అది పార్సిల్‌లో వచ్చిన పొడి కాదు, మయ్యత్ ఇంట్లో పక్కన కూర్చుని తినిపించిన తిండి.

మన తిబ్బీ తారీఖ్‌లో ఈ విషయాన్ని లోతుగా చూసినవారు అబూ జైద్ అల్ బల్ఖీ. 934లో వఫాత్ అయ్యారు. ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనే కితాబులో ఒక భాగం జిస్మ్ గురించి, ఇంకో భాగం నఫ్స్ గురించి రాశారు. గమ్ రెండు రకాలన్నారు. సబబ్ తెలిసిన గమ్‌కి మాట, ఆలోచన, దోస్తుల తోడు కావాలి. సబబ్ తెలియని గమ్ మాత్రం ఒంట్లోంచి, ఖూన్‌లోంచి వస్తుంది, దానికి జిస్మానీ ఇలాజ్ చేయాలి. వెయ్యేళ్ల కిందట ఒక ముసల్మాన్ ఆలిం ఇంత సాఫ్‌గా రాస్తే, మన మొహల్లాల్లో ఇవాళ్టికీ దాన్ని సాయా అనీ, నజర్ అనీ, ఈమాన్ కమ్‌జోరీ అనీ అంటున్నాం!

హకీములు ఈ బిమారీని మాలీఖూలియా అన్నారు, ఒంట్లో సౌదా పెరగడం వల్ల వస్తుందనుకున్నారు. సౌదా లెక్క ఇప్పుడు నిలబడదు. అయినా వాళ్లు గిజాను, దవాను విడదీయలేదు. ఇబ్న్ సీనా దిల్ దవాల మీద వేరే రిసాలానే రాశారు. దిల్‌ని ఖుష్ చేసేవంటూ ఇచ్చే ముఫర్రిహ్‌లు, ఖమీరాలు ఆ సిల్‌సిలాలోవే.

మా ఖాలా పదేళ్లుగా ఉదాసీకి గోలీలు వాడుతోంది. వాటిని ఖాళీ ఖమీరా గావ్‌జబాన్ డబ్బాలో పెట్టుకుంటుంది. ఖమీరా తింటే ఎవరూ ఏమీ అనరు. ఆ గోలీలు కనబడితే మాత్రం కూతురి రిష్తా దాకా పోతుంది మాట. ఒక ఆమిల్ చెప్పాడని ఇంట్లోవాళ్లు వాటిని ఆపిస్తే మూడు వారాలు మంచం దిగలేదు.

ఆ గోలీల కథ 1950లలో మొదలైంది. టీబీ కోసం తయారైన ఇప్రోనియాజిడ్ తిన్న రోగులు హుషారవడం డాక్టర్లు చూశారు. 1957లో అమెరికాలో నేథన్ క్లైన్ దాన్ని ఉదాసీ రోగులకు ఇచ్చి ఫలితాలు చెప్పారు. 1963లో అలెక్ కాపెన్, ఇంగ్లండ్‌లో, అదే రకం మందుకు ట్రిప్టోఫాన్ జోడించారు. పాలు, గుడ్లు, గోష్త్‌లో ఉండేదే అది. మెదడులో సెరోటోనిన్ దాని నుంచే తయారవుతుంది. కలిపి తీసుకున్నవాళ్లు మందొక్కటే తీసుకున్నవాళ్లకన్నా బాగా కోలుకున్నారు. గిజా, దవాల జోడీకి కొత్త కాలపు గవాహీ దొరికినట్టయింది.

కానీ 1989లో అమెరికాలో ట్రిప్టోఫాన్ గోలీలు సొంతంగా కొని తిన్నవాళ్లలో వెయ్యిమందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులతో మంచం పట్టారు. కొందరు చనిపోయారు. చాలా కేసులు ఒకే కంపెనీ సరుకు దగ్గర తేలాయి. సప్లిమెంట్‌కి సైడ్ ఎఫెక్ట్ ఉండదనేవాళ్లకి నేను ఈ వాఖియా చెబుతుంటాను.

కాపెన్ మళ్లీ 2000లో కనిపిస్తారు. 127 మంది రోగులకు ఫ్లూక్సెటిన్ ఇస్తూ, కొందరికి దానితో పాటు రోజుకు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. ఆడవాళ్లలో ఫాయిదా కనిపించింది, మగవాళ్లలో కనిపించలేదు. ఈ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బుకే తర్వాత ఫోలిక్ యాసిడ్ దవా అయింది. ఉదాసీ విషయంలో మాత్రం కాపెన్ ఉమ్మీద్ నిలవలేదు. వేల్స్‌లో 475 మందికి జరిపిన పెద్ద పరీక్షలో, గోలీలతో ఫోలిక్ యాసిడ్ కలిపితే అదనపు ఫాయిదా లేదని 2014లో తేలింది.

ఖూన్ టెస్టులో బీ12 గానీ ఫోలేట్ గానీ తక్కువని తేలితే సంగతి వేరు, ఆ కమీ పూరించాల్సిందే. చేపనూనె ఒమేగా3 మీద పరీక్షలు ఇంకా రెండు రకాలుగా చెబుతున్నాయి. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో మనవాళ్లు తెచ్చే సెయింట్ జాన్స్ వర్ట్ మాత్రం ఉదాసీ గోలీలతో కలిస్తే ఖతర్‌నాక్. ఒంట్లో సెరోటోనిన్ హద్దు మీరుతుంది. ఆ సీసా ముందు డాక్టరుకి చూపించాలి. తల్బీనాకి ఆ భయం లేదు. షుగర్ ఉన్నవాళ్లు తేనె తగ్గించుకుని కాచుకుంటే చాలు.